కల్పన అని రాసిన ఆకాశం

"ఈ ఆకాశం ఏ ఊరిదో చెప్పగలరా అంకుల్?"

జయదేవ్ తన ఫోన్ ముందుకు చాపాడు. యజ్ఞనారాయణ గారు కళ్ళజోడు సర్దుకుని అందుకున్నారు. ముందు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. మిట్టమధ్యాహ్నం ముక్కూ మొహం తెలియని వాడు వచ్చి తలుపు కొట్టి, "సుధామయి నా భార్య. పదకొండు రోజులుగా కనిపించడం లేదు" అంటే ఎవరైనా తడబడతారు.

తలుపు తీసిన ఆయన భార్య శాంత కంగారుకి అంతే లేదు. చేతిలో ఉన్న పెద్ద కోటు బూట్ల వరస మీద పడేసి, కాఫీ తెస్తానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫిజిక్స్ ప్రొఫెసరుగా రిటైరయ్యాక, యజ్ఞనారాయణ గారు టొరంటో పక్కనున్న వాన్ అనే ఊళ్ళో, ఈ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు నడుపుతున్నారు. అంతరిక్షాన్ని చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఏ నక్షత్రం దగ్గరికైనా వెళ్ళొచ్చు, లేని సూర్యుళ్ళనీ గ్రహాలనీ సృష్టించుకోవచ్చు, ఏ ఊళ్ళోనైనా నిలబడి ఆకాశం చూడొచ్చు. సభ్యులు ఆ బొమ్మలు గ్రూపులో పంచుకుంటారు. ప్రతి బొమ్మకీ 'నిజం' అనో 'కల్పన' అనో ట్యాగ్ పెట్టి తీరాలి. ఆ విషయంలో ఆయనది మహా చాదస్తం. ట్యాగ్ తప్పు పెట్టాడని సొంత బావమరిదినే గ్రూపులోంచి తీసేస్తే శాంత వారం రోజులు మాట్లాడలేదు.

సుధామయి ఏడాదిగా ఆ గ్రూపులో ఉంది. రెండు సూర్యుళ్ళున్న గ్రహాలు, ఎవరూ అడుగుపెట్టలేని మంచు చంద్రుళ్ళు, అన్నీ సొంతంగా కల్పించేది. ఒక్క ట్యాగ్ కూడా తప్పు పెట్టలేదు.

"పోలీసులకి చెప్పావా బాబూ?"

"చెప్పాను అంకుల్. ఎవరి ఫోన్ నుంచో తనే వాళ్ళతో మాట్లాడిందట. సేఫ్‌గా ఉన్నాను, అడ్రస్ ఇవ్వొద్దు అందట. ఎవరో తన మైండ్ పాడుచేశారు. తనకి ఒంటరిగా బస్ ఎక్కడం కూడా రాదు. ఫోన్, కార్డులు, పాస్‌పోర్ట్ అన్నీ నా దగ్గరే ఉంటాయి. లాప్‌టాప్ ఒక్కటే పట్టుకెళ్ళింది."

అతని గొంతు మెత్తగా ఉంది. కుడిచేతి మెటికల మీద మానుతున్న గాయం ఉంది. యజ్ఞనారాయణ గారు అది చూసి చూపు తిప్పుకున్నారు.

"మీ గ్రూపులో తను మొన్న పెట్టిన బొమ్మ ఇది. ఇన్నాళ్ళూ ఏవో పిచ్చి గ్రహాలు పెట్టేది. ఇది మాత్రం మన ఆకాశమే కదా?"

"మనదే. ఇదిగో ధ్రువ నక్షత్రం."

"కింద ఊరి పేరు వస్తుందటగా?"

"వస్తుంది. కత్తిరించేసింది. పేరు లేకపోయినా ధ్రువుణ్ణి చూస్తే చాలు..."

"మనకెందుకండీ," అంది శాంత, కాఫీ కప్పు బల్లమీద పెడుతూ. సగం కాఫీ సాసర్లోకి ఒలికింది.

జయదేవ్ మోకాళ్ళు తగిలేంత దగ్గరికి జరిగాడు. "చెప్పండి అంకుల్."

ఆయనకి భయం వేసింది. ఆ పిల్ల ఎదురుగా కూడా ఇలాగే కూర్చునేవాడేమో అనిపించింది. అయినా చెప్పడం ఆపలేదు.

"నేల అంచు నుంచి ధ్రువుడు ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే, ఆ ఊరి అక్షాంశం అన్ని డిగ్రీలు. మన వాన్‌లో అయితే నలభై నాలుగు. ఈ బొమ్మలో యాభై దాకా ఉంది."

"అంటే?"

"వాంకూవర్ కావచ్చు, విన్నిపెగ్ కావచ్చు. కానీ ఈ మూల టైమ్ చూడు. నవంబరు, టొరంటో టైమ్ సాయంత్రం ఏడు. వాంకూవర్ మనకంటే మూడు గంటలు వెనక, అప్పటికి అక్కడ ఇంకా వెలుతురే. ఈ బొమ్మలో చుక్కలు వచ్చేశాయి."

"అయితే విన్నిపెగ్."

యజ్ఞనారాయణ గారు తల ఊపారు. ఇంట్లో హీటర్ తక్కువలోనే ఉన్నా ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"దొరికితే ఏం చేస్తావు బాబూ?" అని అడిగింది శాంత.

"ఇంటికి తెచ్చుకుంటాను ఆంటీ. ఈసారి ఎక్కడికీ వెళ్ళకుండా చూసుకుంటాను. శనివారం గుడికి వెళ్ళకుండా తను ఉండలేదు. ఆ ఊరి గుడి ముందు నేను నిలబడితే చాలు."

ఫోన్ వెనక్కి తీసుకుని అప్పటికే ఫ్లైట్లు వెతుకుతున్నవాడు ఉన్నట్టుండి ఆగాడు. "ఇది కల్పన అని ఉందేంటి అంకుల్? నక్షత్రాలు నిజమైనవేగా?"

కింద బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పొరపాటున పెట్టి ఉంటుంది," అన్నారు ఆయన చివరికి.

జయదేవ్ మొదటిసారి నవ్వాడు. "అదే తనతో ప్రాబ్లం అంకుల్. ఒక్క పనీ సరిగ్గా చెయ్యదు."

అతను లేచి, తలుపు పక్కన విడిగా విప్పుకున్న తన బూట్లు వేసుకున్నాడు. "కోటు కింద పడిపోయింది ఆంటీ," అంటూ వంగబోయాడు.

"ఉండనీ, నేను తీస్తాను," అంటూ శాంత అడ్డం వచ్చేసింది. భోజనం వేళకి వచ్చినవాళ్ళని తినకుండా గడప దాటనివ్వని మనిషి, ఈరోజు ఆ మాటే ఎత్తలేదు.

కారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. యజ్ఞనారాయణ గారు తలుపు గడియ వేసి, వేసిందో లేదో మళ్ళీ లాగి చూశారు. తన ఫోన్‌లో ఆ బొమ్మ తెరిచారు. నిజం నక్షత్రాల పక్కన కల్పన అన్న ట్యాగ్ ఉంది. ఆయన దాన్ని మార్చలేదు.

వెళ్ళి బేస్‌మెంట్ తలుపు తీశారు.

"విన్నిపెగ్ అంటే నమ్మాడు, పైకి రామ్మా సుధామయీ."