రానివాళ్లు ఒప్పుకున్నట్టే

ఆ కుంట ఏటేటా పూడిపోతోంది. దాన్ని బాగుచేయడానికి పదేళ్ల ప్రణాళిక వేద్దామని ఊరిపెద్ద దున్న సభ పెట్టింది. వడ్రంగిపిట్ట ఎండుమాను మోగించి దండోరా వేసింది. “అందరూ గట్టు మీదికి రావాలహో! రానివాళ్లు ఒప్పుకున్నట్టే!”

నీళ్లలోంచి పరిగె చేప తాబేలును బతిమాలింది. “తాతా, గట్టెక్కితే మేం చస్తాం. పిల్లలదాన్ని. సభ నీళ్ల అంచున పెట్టమని చెప్పవా?”

తాబేలు వెళ్లి చెప్పింది.

“రేపు మమ్మల్ని మొప్పలు కూడా పెట్టుకోమంటావా?” అంది కుందేలు. అందరూ పడీపడీ నవ్వారు.

దున్న ప్రణాళిక చదివింది. మొదటి ఏడు నీళ్లన్నీ వదిలేసి పూడిక తీయాలి. ఆపైన గట్టు పెంచాలి. పదో ఏటికి చేపలకు నిలువు లోతు నీళ్లు.

“మరి మొదటి ఏడు చేపలెక్కడుంటాయి?” అంది తాబేలు.

“పదేళ్ల బాగు మాట్లాడుతుంటే ఒక్క ఏడాదికి ఏడుపేంటి ముసలోడా? అవి వద్దన్నాయా? సభకే రాలేదు!” అని దున్న కసిరింది.

అందరూ గుర్రుగా చూశారు. తాబేలు తల డిప్పలోకి లాక్కుంది. సిగ్గులేని తల! బయట ఉండాల్సింది అప్పుడే కదా!

ఆ వేసవిలో తూము తెరిచారు. పరిగె, దాని పిల్లలు మూడు రోజులు బురదలో గిలగిలా కొట్టుకున్నాయి.

పదో ఏడు కుంట నిండింది. తాబేలు అడుగుదాకా మునిగి పిలిచింది. “పరిగమ్మా, లోతొచ్చిందే!”

ఎవరూ పలకలేదు. పైన వడ్రంగిపిట్ట మాను మోగిస్తోంది. “దున్నకు సన్మానమహో! రానివాళ్లు ఒప్పుకున్నట్టే!”