శనివారం పాపం

"'మా అమ్మ తొంభై ఏళ్లలో ఒక్క అబద్ధం ఆడలేదు.' ఎలా ఉంది మామయ్యా?" రేపు తల్లి సమాధి దగ్గర చదవబోయే కాగితం ఊపుతూ అడిగాడు మేనల్లుడు.

"కొట్టెయ్ రా. నవ్వుతారు."

"మీ కోతలకి అంతే లేదు. మీరా చెప్పేది?"

"దొంగని దొంగే పట్టాలి. మా అక్క ప్రతి శనివారం చర్చికి, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే ఆ పాపసంకీర్తనానికి ఎందుకెళ్లేదనుకున్నావ్?"

"భక్తి కొద్దీ."

గుమ్మంలోంచి వాడి కూతురు అందుకుంది. "కాదు నాన్నా. ప్రతి ఆదివారం 'మావాడు చర్చిలో మొదటి పూజకే వెళ్లొచ్చాడు' అని అందరికీ చెప్పేది నాన్నమ్మ. నువ్వేమో మంచం మీద గురక."

"ఆ అబద్ధాన్నే శనివారం ఫాదర్ చెవిన వేసేది," అన్నాను. "'ఇది మానలేను ఫాదర్, వచ్చే వారమూ ఇదే పట్టుకొస్తా' అనేది."

వాడు కాగితం దించాడు. "ఫాదర్ చెవిలో చెప్పింది మీకెలా తెలిసింది?"

"మీ అమ్మకి బ్రహ్మచెవుడు కదరా. గుసగుస అనుకుని కేకలే పెట్టేది. గంట కొట్టేవాడి దగ్గర్నుంచి గోపురం మీది పావురాల దాకా అందరం విన్నాం, నువ్వు తప్ప. వినడానికి నువ్వు ఏనాడన్నా ఆ చర్చి గడప తొక్కితేగా."