కోట దాటిన ప్రేమ

ఇంటర్వెల్లో జైపూర్ సినిమా హాల్లో దీపాలు వెలిగేసరికి గుమాన్ సింగ్ జేబురుమాలు తడిసి ముద్దయింది.

“నర్తకి అయితే మాత్రం మనిషి కాదా? కులం చూసి ప్రేమిస్తారా ఎవరైనా! కొడుకు ప్రేమకు అడ్డుపడ్డ ఆ మహారాజుది గుండె కాదు, బండరాయి!”

పక్కనున్న కూతురు చందా ధైర్యం తెచ్చుకుంది. “మరి బాపూసా, మన వీధి దర్జీగారబ్బాయి లోకేశ్...”

“వాడి పేరెత్తావంటే కాళ్లు విరగ్గొడతాను. ఎల్లుండే నీ నిశ్చితార్థం!”

“సరే, కచోరీ తెస్తాను,” అంటూ చందా లేచింది.

ఆట మళ్లీ మొదలైంది. యువరాజు నర్తకిని గుర్రమెక్కించుకుని కోట దాటించేశాడు. హాలంతా ఈలలు. గుమాన్ సింగ్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

“చూశావా చందా, ప్రేమంటే అదీ!” అంటూ పక్కకు తిరిగాడు.

సీటు ఇంకా ఖాళీగానే ఉంది.

తెరమీద మహారాజు “పట్టుకోండి వాళ్లని!” అని కేకపెట్టాడు. ఆ కేక తన గొంతులోంచే వచ్చినట్టనిపించింది గుమాన్ సింగ్‌కు.