చల్లలో కలిపే మందు

“కొమ్మ అయినంక ఏ రంగు కండె ఎయ్యాలె, భీమా?”

మగ్గం మీంచే అడిగాడు నర్సింహులు. భీమమ్మకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే మనసు చివుక్కుమంది. గద్వాలలో పుట్టి, ఊహ తెలిసిన కాడి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బతికిన మనిషి. అంచులో కోటకొమ్మ అయ్యాక ఏ రంగు దారమో రోజూ పెళ్ళాన్ని అడుగుతాడా?

“అరటిపువ్వు రంగు,” అంది చల్ల చిలుకుతూనే. “రేపు నన్నే ఎవరు నువ్వు అంటవేమో.”

“అన్ననుకో, ఏం జేస్తవ్?”

“మా ఆయనొస్తడు, నడువు బయటికి అని ఎల్లగొడ్త.”

ఆయన ఫక్కున నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది గానీ భయం మాత్రం పోలేదు. మొన్నటి చీరలో కొమ్మ పక్కన పచ్చ పడింది. కండె అందించింది తనే. తప్పు నాదే, నేనే పచ్చ అడిగిన, అన్నాడాయన. ఆ తర్వాతే హైదరాబాదు ప్రయాణం. దవాఖానలో ఇద్దరినీ కూర్చోబెట్టి ఇయ్యాల ఏ వారం, ఏ నెల అని అడిగారు. ఇద్దరితోనూ సంతకాలు పెట్టించారు. ఇంటోళ్ళను గూడ అడుగుతరంట, అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, “నాకు మతిమరుపు రోగం షురువైందే,” అని మెల్లగా చెప్పాడు. గద్వాల వచ్చేదాకా ఆమె కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది.

దవాఖానోళ్ళిచ్చిన మందు సంగతి ఆయన నోట వింటే ఎవరైనా నోరెళ్ళబెట్టాల్సిందే.

“కడుపుల ఉండే మంచి పురుగులనే జర మార్చిండ్రంట. అవి పేగులల్ల కాపురముండి, మెదడు చెడిపోకుండ మందు తయారుచేస్తయంట. ఇంక పరీక్షల మీదనే ఉంది. పనిచేస్తే మన అదృష్టం.”

పురుగులు చావనీకె మందు తాగుతరు గానీ, పురుగులనే మందని తాగుడేంది? అయినా ఆయన ఆమెను మరిచిపోకుండా ఉంటే చాలు, ఏ పురుగైనా సరే.

“డాక్టరు మొఖం మీదనే చెప్పిండు, నువ్వు తట్టుకున్నవ్,” అందామె రెండు గ్లాసుల్లో చల్ల పోస్తూ. “నాకైతే గా మాట చెప్తే గా రోజే మంచం పడ్త. మా అమ్మకు గూడ గిదే రోగముండె, ఆఖరికి నన్నే, ఏ ఊరు బిడ్డా మీది అనడిగె.”

“తెలుసే,” అన్నాడు నర్సింహులు.

ఒక గ్లాసులో పొడి కలిపింది. రెండూ ఒక్క తీరు స్టీలు గ్లాసులే. మందు కలిపింది ఎప్పుడూ ఆయన వైపే పెడుతుంది. ఉల్లిగడ్డ లేనిదే ఆయనకు చల్ల దిగదు, అడిగేదేమో గ్లాసులు ముందు పెట్టాక. మళ్ళీ లేచి పోవాలి. రేపటి నుంచి ముందే తెచ్చిపెడతానని రోజూ అనుకుంటుంది, పనుల్లో పడి యాది తప్పుతుంది. ఇంటెడు చాకిరీలో ఎవరికి తప్పదు?

ఇవాళ మాత్రం గ్లాసుల పక్కనే ఉల్లిగడ్డ ముక్కల పళ్ళెం పెట్టింది.

నర్సింహులు పళ్ళెం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“యాది పెట్టుకొని తెచ్చినవా, భీమా?”

“అందరు నీ తీరుగనే ఉంటరా?” అని ఎకసెక్కమాడింది. “ఏడుస్తున్నవేంది?”

“ఉల్లిగడ్డ ఘాటు,” అని తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు.

“నీ మొఖంల ఇయ్యాల కళొచ్చింది. మందు పని చేస్తున్నట్టుంది.”

“నాకు గూడ గట్లనే అనిపిస్తుంది,” అన్నాడు. “జర ఉప్పు తేపో, అద్దుకుంట.”

“ముందుగాల మందు తాగు.”

“నువ్వు రాంది ఎప్పుడన్న తాగిన్నా? ఇద్దరం కలిసే తాగుదాం.”

ఈ మాటకు భీమమ్మ ప్రాణం లేచొచ్చింది. ఈ మనిషి తనను మరిచిపోడు, దేవుడు సల్లగ జూసిండు అనుకుంటూ వంటింట్లోకి నడిచింది.

ఆమె వీపు తిరగగానే, రోజూలాగే, నర్సింహులు గ్లాసులు రెండూ మార్చి పెట్టాడు.