ఇసక మూట పరీక్ష

ఆ వారంలో నాలుగోసారి కండక్టరు గారు సైకిళ్ళ షాపు మెట్లెక్కుతుంటే, షాపతను మొహాన నవ్వు పులుముకున్నాడు. వెనకే కండక్టరు గారి భార్య వచ్చి, రోజూ కూర్చునే స్టూలు మీదే కూర్చుంది.

"ఇవాళ తేల్చేద్దాం అబ్బాయ్" అన్నాడాయన. నిన్న కూడా అదే అన్నాడు.

ఆయన కోరిక చిన్నది కాదు. ముప్పై ఏళ్ళు ఒకే రూట్లో బస్సులో టికెట్లు కొట్టాడు. ఆఖరి స్టాపు దగ్గర బస్సు వెనక్కి తిరిగేది. రోడ్డు మాత్రం ముందుకే పోయేది. నాలుగు వందల కిలోమీటర్లు పోతే సముద్రమని అక్కడి మైలురాయి మీద రాసి ఉండేది. రిటైరయ్యాక ఆ రోడ్డు అంతు సైకిలు మీదే చూడాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

పోయినేడు బయల్దేరడమూ అయింది. నలభయ్యో కిలోమీటరు దగ్గర దిగుడులో బ్రేకులు పట్టలేదు. ఆయన గాల్లోకి లేచి రోడ్డు పక్క ఇసక కుప్పలో పడ్డాడు. రెండు రోజులు నోట్లో ఇసక తగులుతూనే ఉంది. అల్యూమినియం ఫ్రేము వెనక అతుకు దగ్గర విరిగిపోయింది. ఈసారి వానలు మొదలయ్యేలోగా కదలకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. అరవై మూడేళ్ళ మనిషికి ఏడాదంటే మాటలా?

"స్టీలే మంచిదంటావా?"

"అల్యూమినియం తేలికే సార్. కానీ విరిగితే అంతే సంగతులు. స్టీలయితే దారిలో గేట్లు చేసే వెల్డింగు షాపువాడైనా అతికేస్తాడు. గతుకుల్లో ఒళ్ళు కూడా హూనం కాదు."

"వెనక బరువు ఆగుతుందా?"

"ఎంత పెడతారు?"

"డెబ్బై రెండు కిలోలు."

షాపతను చేతిలో టేపు కింద పెట్టాడు. "గుడారం, బట్టలు అన్నీ కలిపినా పాతిక దాటవు కద సార్. ఇల్లు మొత్తం మోసుకెళ్తారా?"

"బట్టల సంచులు ముందు చక్రానికి అటూ ఇటూ కడతాం. వెనకది వేరే."

"కాస్త తగ్గించలేరా?"

"ఏడాదిగా నేనూ అదే చెబుతున్నాను బాబూ. వింటేనా?" అంది భార్య.

కండక్టరు గారు ఆ మాట వినబడనట్టు ఒక ఆకుపచ్చ ఫ్రేము చూపించాడు.

"మీ ఎత్తుకి అది చిన్నది సార్."

"సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకి అందాలి. అందకపోతే మా ఆవిడ ఒప్పుకోదు."

ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో షాపతనికి అర్థమైంది. జాలిపడి ఆ ఫ్రేమే దించాడు. ఆవిడ స్టూలు మీంచి లేచి, పక్కనున్న సైకిలు బ్రేకు రెండుసార్లు నొక్కి చూసింది. పాపం, పొద్దుపోవడానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా అనుకున్నాడు.

ఇక బ్రేకుల దగ్గర అసలు రామాయణం మొదలైంది. షాపు ముందు వీధి మలుపు దాకా దిగుడే. కండక్టరు గారు వెనక క్యారియరు మీద డెబ్బై రెండు కిలోల ఇసక మూట పెట్టించి, షాపతన్ని తొక్కమన్నాడు.

"నేనెందుకు సార్? మీరే తొక్కి చూడొచ్చుగా."

"తొక్కేవాడికి బ్రేకు సంగతేం తెలుస్తుంది? హ్యాండిలు పట్టుకుని ధీమాగా ఉంటాడు. ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడి టికెట్లు కొట్టాను. డ్రైవరు బ్రేకేస్తే ఎవరి పళ్ళు రాలతాయో నాకు తెలుసు. నేను మూటనే చూస్తాను."

రిమ్ముని పట్టే రబ్బరు బ్రేకులతో సైకిలు మలుపు దాటి పోయింది. నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు టక్కున పట్టేసరికి మూట వచ్చి షాపతని నడుముని గుద్దింది. పైగా ఆ నూనె కారిపోతే సర్వీసు సెంటరుకే తేవాలట. తీగతో లాగే డిస్కులు మూడోవి. తీగ తెగితే ఎక్కడైనా దొరుకుతుంది. వెనక చక్రానికి కాస్త పెద్ద డిస్కు వేసి తొక్కితే, సైకిలు మెత్తగా ఆగింది. మూట అంగుళం కూడా కదల్లేదు.

కండక్టరు గారు ఆ మూటని నిమిరాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇసక మూట మీద అంత ప్రేమ షాపతను జన్మలో చూడలేదు.

ఆ తర్వాత చిల్లర కోరికలు. క్యారియరుకి నాలుగు కాళ్ళు వెల్డింగు చేయించాడు. దాని మీద మందపాటి రబ్బరు దిండు బిగించమన్నాడు. వెనక ఇరుసుకి అటొకటి ఇటొకటి జానెడు ఇనుప కడ్డీలు అడిగాడు. తాళ్ళు చుట్టుకోవడానికి కాబోలనుకుని షాపతను బిగించాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఆకాశంలో ఇంకా వాన మబ్బు జాడ లేదు. సంచులు కట్టడం అయింది. షాపతనికి ఆవిడని చూస్తే సరదా పుట్టింది.

"ఇంక నెల రోజులు మీకు హాయి కదమ్మా. ఈయన గోల ఉండదు."

"అంత అదృష్టం కూడానా బాబూ" అంది ఆవిడ, హెల్మెట్టు పట్టీ బిగించుకుంటూ.

షాపతను హ్యాండిలు కండక్టరు గారి వైపు తిప్పి పట్టుకున్నాడు. దాన్ని అందుకుని ఆవిడ సీటెక్కి కూర్చోగానే, డెబ్బై రెండు కిలోల సామాను వెనక రబ్బరు దిండు మీద సర్దుకుని, ఇనుప కడ్డీల మీద పాదాలు పెట్టుకుని, "రైట్... రైట్" అంది.