దొంగ బొమ్మ

అరవై రెండుల ఎండకాలం. ఇచ్చోడల బస్సు దిగంగనే చిత్రకారుడు సిద్దిరాములు చేతిసంచిని ఎవడో గుంజుకొని ఉరికిండు. హైదరాబాదు ప్రదర్శనల వచ్చిన వెండి పతకం అండ్లనే ఉన్నది.

పోలీసు ఠాణాల జమేదారు కాగితం ముందరవెట్టిండు. "పెద్ద చిత్రకారునివట గద, వాని మొకం గీయి."

"నావి నైరూప్య చిత్రాలు. అండ్ల మొకాలుండవు. ఉన్నదున్నట్టు గీసుడు ఫోటోలోళ్ల పని" అన్నడు సిద్దిరాములు. "కావాల్నంటే నోటితోని చెప్త. వాని మొకంల ఒక బూడిదరంగు ఆందోళన ఉండె."

"గా ఆందోళనకు మీసాలున్నయా?"

సిద్దిరాములు పతకం యాదికొచ్చి పెన్సిలు అందుకున్నడు. రోజూ పొద్దుగాల్ల తలుపేసుకొని, ఎవ్వలకు తెల్వకుంట మేకలను, మనుషులను గీసే చెయ్యి అది. వంకర ముక్కు, తెగిన చెవి, అన్నీ అచ్చం దిగినయి. జమేదారు ఆ బొమ్మను బస్టాండు గోడకు అతికిచ్చిండు.

నాలుగోనాడు పొద్దున, సంచిల దొరికిన ఉత్తరం మీది పత్తా వట్టుకొని, ఆదిలాబాదుల సిద్దిరాములు ఇంటికి దొంగనే వచ్చిండు.

"నీ సంచి నువ్వు దీస్కో అన్నా. గోడ మీది అసుంటి బొమ్మ ఇంకోటి గీసియ్యి. మా అవ్వకిస్త."

పన్నెండేండ్లల తను గీసిన బొమ్మ ఇంటికి కావాల్నని అడిగినోడు వీడే మొదలు. సిద్దిరాములు వాన్ని కూసోవెట్టి గీసుడు షురూ చేసిండు.

"చెవి జర నిండుగ గీయన్నా" అన్నడు దొంగ.

సిద్దిరాములుకు కోపమొచ్చింది.

"ఉన్నదున్నట్టే గీస్త! బొమ్మంటే తమాషా అనుకున్నవా?"