భరణం కాదు, వాటా

“ఈ కేసు ఓడిపోతాం,” అంది లాయరు, కాగితాలు రెండోసారి తిరగేసి.

“అయినా వెయ్యండి,” అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన.

ఆయనది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో రంపప్పొట్టు పోదు. ఐదేళ్ళ కిందట భార్యతో విడాకులయ్యాయి. అప్పటిదాకా షాపు ఇద్దరిదీ. ఆయన చెక్క కోస్తే ఆవిడ గాజు కోసేది. విడిపోయేటప్పుడు షాపు ఆయన ఉంచుకుని, ఆవిడ సగానికి ఖరీదు పదేళ్ళపాటు నెలనెలా కట్టేట్టు ఒప్పందం రాసుకున్నారు. కోర్టు దానికి ముద్ర వేసింది. ఒక్క నెల కూడా ఆయన ఎగ్గొట్టలేదు. ఆ డబ్బుతోనే ఆవిడ రెండు వీధుల అవతల చేపల తొట్లు తయారుచేసే దుకాణం పెట్టుకుంది.

“ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమొచ్చింది?” అంది లాయరు.

“ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంటోందండీ. పెళ్ళయితే డబ్బు ఆగిపోతుందంటున్నారు అందరూ.”

“భరణమైతే ఆగిపోతుంది. పరిస్థితులు మారితే భరణాన్ని కోర్టు తగ్గిస్తుంది, పెంచుతుంది, మాన్పిస్తుంది కూడా. ఇది భరణం కాదు. ఆస్తిలో ఆవిడ వాటా. మీరిద్దరూ ఒప్పుకుంటే తప్ప కోర్టు దాని జోలికి రాదు.”

“మీ మాట చాలదండీ. జడ్జిగారు చెప్పాలి.”

మొండిఘటం అనుకుంది లాయరు. గోడకి తల కొట్టుకుంటానంటే ఆపడానికి తనెవరు? పిటిషన్ రాసింది.

వాయిదా రోజు ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆవిడ తరఫున లాయరెవరూ లేరు. రెండు వేళ్ళకి ప్లాస్టర్లున్నాయి. జడ్జిగారు ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి చూశారు.

“ఏమ్మా, పెళ్ళి మాట నిజమేనా?”

“నిజమేనండీ. వచ్చే శుక్రవారం.”

“అతని సంపాదన బాగానే ఉందా?”

“ఉందండీ. మంచి పనివాడు. మనిషే కాస్త మొండి.”

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఫ్రేములాయన తల దించుకున్నాడు. లాయరుకి జాలేసింది.

“మరి అతను పోషిస్తాడుగా. ఇంకా ఈ డబ్బెందుకు?”

“పోషించమని నేనెవర్నీ అడగలేదండీ. ఆ షాపులో పన్నెండేళ్ళు గాజు కోశాను. గల్లాపెట్టె తాళం మాత్రం ఒక్కరోజు కూడా నా చేతికి రాలేదు. చెప్పులు తెగినా చెయ్యి చాపాల్సి వచ్చేది. అందుకే బయటికొచ్చాను. ఈ డబ్బు నా కష్టం. రేపు ఎవరింట్లో ఉన్నా అది నాదే అవ్వాలి.”

జడ్జిగారు ఫ్రేములాయన వైపు తిరిగారు. “దీనికి మీరేమంటారు?”

“ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమండీ. తప్పు నాదే.”

లాయరు నుదురు పట్టుకుంది. సొంత కేసుని ఇలా కాలితో తన్నుకున్న క్లయింటుని ఆమె ఇంతవరకూ చూడలేదు.

తీర్పుకి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. “ఇది భరణం కాదు, వాటా. ఆవిడ పెళ్ళి చేసుకున్నా, మానుకున్నా, ఎవర్ని చేసుకున్నా ఇందులో పైసా మారదు. పిటిషన్ కొట్టేస్తున్నాను.”

బయట వరండాలో లాయరు ఆయన్ని ఓదార్చబోయింది. “ముందే చెప్పానుగా. పోనీలెండి, మనసు పాడుచేసుకోకండి.”

“తీర్పు నకలు గురువారంలోపల దొరుకుతుందాండీ?”

“ఓడిపోయిన తీర్పు మీకెందుకు?”

“నాకు కాదు, ఆవిడకి. పెళ్ళికి ముందే చేతిలో పెట్టమంది. నోటిమాట నమ్మనంది.”

లాయరు కిందికి చూసింది. మెట్ల దగ్గర ఆవిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికోసమో చూస్తోంది. కాబోయే ఆయన కోసమేమో అనుకుంది.

“అయితే శుక్రవారం మీరూ వెళ్తున్నారన్నమాట.”

“వెళ్ళక తప్పదు కదండీ.”

“ఇంత జరిగాక కూడానా? సాక్షి సంతకానికి పిలిచిందా?”

ఆయన చొక్కా మీది రంపప్పొట్టు దులుపుకుని, మెట్ల వైపు నడుస్తూ సిగ్గుగా నవ్వాడు.

“పెళ్ళికొడుకుగా.”